ముద్ర పడని ఇంజన్

నా చిన్నప్పుడు నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. కూర్చుంటే లేచేవాణ్ని, లేస్తే గుమ్మం దాటేవాణ్ని. అరవై ఎనిమిదేళ్లు వచ్చాక ఇప్పుడు ఆ కాళ్లే నాకు మళ్లీ వచ్చాయి. కరోనా వచ్చి ఊరంతా తలుపులు వేసుకుంది. సూరత్ శివారు భేస్తాన్‌లోని ఈ రెండు గదుల ఇంట్లో కిటికీ నుంచి తలుపుకు పద్నాలుగు అడుగులు, తలుపు నుంచి కిటికీకి పద్నాలుగు అడుగులు. ఆ సంఖ్య మారదని తెలిసీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తూనే ఉన్నాను.

కింది వాటాలో సిద్దిపేట అమ్మాయి ఒకతె ఉంది. భర్త మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. లాక్‌డౌన్ మొదలైన నాటి నుంచి ఆమె రోజూ నా గుమ్మం ముందు పాల ప్యాకెట్ పెట్టి, దూరంగా మెట్ల మీద నిలబడి పలకరించి పోతుంది. నిన్న పలకరింపుతో పాటు ఒక ఫిర్యాదు కూడా తెచ్చింది.

"పెద్దబాపూ, గీ తిరుగుడేంది జర చెప్పు. నెత్తి మీదికెళ్లి రైలు పోతున్నట్టున్నదని మా ఇంటాయన ఒక్కతీరుగ నవ్వుతుండు."

ఆమెకు తెలియదు గాని నా బల్ల మీద నిజంగానే ఒక రైలింజన్ ఉంది. ఆమె కూతురి కోసమే చేస్తున్నాను. పాల డబ్బులు తీసుకుంటుంది కాని ఎక్కిదిగే శ్రమకు ఏమీ తీసుకోదు. ఒకరి చేత ఊరికే పని చేయించుకోవడం మా ఇంట్లో లేదు.

నిజం చెప్పాలంటే ఇలాంటి నమూనాలకు రంగు వేయడానికి సూరత్‌లో ఇంతకంటే మంచి రోజులు నేను చూడలేదు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా మా కనురెప్పల మీద, అన్నం మెతుకుల మీద వాలుతూ వచ్చిన నూలు పీచు గాలిలో ఎక్కడా లేదు. అయినా మొన్న నేనే చెడగొట్టాను. మొదటి పూత ఆరకముందే రెండో పూత వేశాను. నల్లరంగు పాల మీద మీగడలా ముడతలు తేలింది. అలాంటి ముడతలు ఇంతకుముందు ఒక్కసారే చూశాను. అప్పుడు నాకు పదేళ్లు, ఊరు ఇదే.

మాది మగ్గాల ఇల్లు. కరీంనగర్ వైపు మా తాతయ్య చేతి కింద నలభై చేతిమగ్గాలు ఆడేవి. మా ఇంటి నుంచి బయటికి వెళ్లే చీర కొంగు మూలన తమలపాకు ఆకారంలో చిన్న ముద్ర ఉండేది. సంతలో కొనేవాళ్లకు మా ఇంటిపేరు తెలియకపోయినా ఆకుముద్ర తెలుసు. ఆ మగ్గాలు ఎలా పోయాయో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పోయాయి. నాకు ఏడో ఏడు వచ్చినప్పుడు మా నాన్న మమ్మల్నందరినీ సూరత్ తీసుకొచ్చి, ఖటోదరాలో ఎవరివో కరెంటు మగ్గాల మీద పనికి కుదిరాడు. వరస గదుల చాల్‌లో ఒక గది తీసుకున్నాం. ఊరి నుంచి వచ్చిన సామానులో చెప్పుకోదగ్గవి తాతయ్య టేకు కుర్చీ, నాయనమ్మ పెట్టె అడుగున బట్టలో చుట్టిన ముద్ర దిమ్మ. తాతయ్య ఆ కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునేవాడు. మూడేళ్లలో చాల్‌లో ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఎవరైనా దండం పెడితే తల ఊపేవాడు, అంతే.

పక్క గదిలో ఉండే ఆయన్ని అందరం కాక అనేవాళ్లం. పూర్వం రైలింజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. మోచెయ్యి విరిగి ఆ పని పోయాక మగ్గాల కార్ఖానాలో వడ్రంగిగా చేరాడు. షిఫ్టు నుంచి వచ్చి, గుమ్మంలో గోనెపట్టా పరుచుకుని ఇంజన్ల నమూనాలు చేసేవాడు. బాయిలర్‌కు పాత మగ్గం చెక్క, పైకప్పుకు డాల్డా డబ్బా రేకు, పట్టుకునే కడ్డీలకు జరీ పనివాళ్లు పారేసిన రాగితీగ. రేకును వెనక నుంచి మేకు మొనతో నొక్కితే ముందువైపు రివెట్లు లేచేవి. అసలు ఇంజన్‌లో ఒక అడుగు ఆయన చేతిలో పావు అంగుళం. "కొలత తప్పిందా, జాతరల అమ్మే బొమ్మయితది" అనేవాడు. నేను బడి లేనప్పుడల్లా ఆ గోనెపట్టా అంచున ఉండేవాణ్ని. నా తొందర చూసి "సావుకారీ, జర నిలవడు" అని ఎగతాళి చేసేవాడు. ఆ పిలుపులో ఎగతాళి ఉందని తెలిసినా నాకు నచ్చేది. మమ్మల్ని ఇంకా అలా పిలిచేవాడు చాల్‌లో ఆయనొక్కడే.

ఆ వేసవిలో చేస్తున్న ఇంజన్ ఒక డ్రైవరు కోసం. కాక తొమ్మిదేళ్లు ఆయన పక్కనే నిలబడి బొగ్గు వేశాడు. చెయ్యి విరిగిన రోజు బండి ఆపి, తన తువ్వాలు చింపి కట్టు కట్టింది ఆయనే. ఆ డ్రైవరు ఉద్యోగం ముగుస్తోంది. శుక్రవారం పొద్దున సూరత్ నుంచి భుసావళ్ వైపు వెళ్లే ప్యాసింజరు ఆయన చివరి బండి. అది కదిలేలోపు ఇంజన్ ఆయన చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఆయన సొంత ఊరు వెళ్లిపోతాడు, మళ్లీ దొరకడు.

బుధవారం పొద్దున కాక మొదటి నల్లపూత వేసి, ఇంజన్‌ను నీడలో పెట్టి షిఫ్టుకు బయలుదేరాడు. "నేనొచ్చేదాక ముట్టకు. ఆరిందా లేదా అని వేలు గూడ పెట్టకు. సమజైందా?"

మధ్యాహ్నం దాకా ముట్టలేదు. తరువాత వేలు పెట్టాను. పైన ఆరినట్టే ఉంది. కాక వచ్చేసరికి రెండో పూత అయిపోయి ఉంటే ఎంత మెచ్చుకుంటాడో అనుకున్నాను. కుంచె తీసి వేసేశాను. చేతులు అక్కడైనా ఆగలేదు. నంబరు రాయడానికి కలిపి ఉంచిన బంగారు రంగు కనిపించింది. ఇంజన్ వెనకుండే బొగ్గుపెట్టె మీద, అందరికీ కనిపించే చోట, తమలపాకు గీశాను. ఆ డ్రైవరు ఇంట్లో ఎవరైనా ఈ గుర్తు ఎవరిదని అడగాలి. ఒకప్పుడు నలభై మగ్గాలున్న వాళ్లదని ఎవరో ఒకరు చెప్పాలి. పదేళ్లవాడి ఆశ అది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, రాస్తున్నాను.

సాయంత్రానికి రంగంతా ముడతలు పడింది. నా ఆకు జారి గొంగళిపురుగులా సాగింది. కాక వచ్చి ఇంజన్ ముందు గొంతుకూర్చున్నాడు. బంగారు గీతను వేలితో చూపించాడు.

"ఇదేంది సావుకారీ?"

"మా ముద్ర."

"మీదేనా? మరి మీ తాత సూసిండా?"

నేను తల అడ్డంగా ఊపాను. తిడతాడనుకున్నాను. ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, ఇంజన్‌ను తువ్వాలు మీద రెండు చేతులతో ఎత్తి మా గుమ్మం ముందుకు నడిచాడు. తాతయ్య కుర్చీలో ఉన్నాడు.

"సావుకారుగారూ, మీ ముద్ర పడ్డ మాలొచ్చింది. జర సూసి చెప్పుండ్రి."

అది వెక్కిరింపని నేను అనుకున్నాను. తాతయ్య అలా అనుకోలేదు. లేచి కళ్లజోడు పెట్టుకుని, ఒకప్పుడు చీరను తీసుకెళ్లినట్టే, ఇంజన్‌ను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లాడు. బొటనవేలితో అంతా తడిమాడు. పక్కలు తిప్పాడు. తలకిందులు చేశాడు.

"ముద్ర ఎవరు వేసిన్రు?"

"నేనే తాతా."

"చూసి వేసినవా?"

ఆయన తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. రంగు ముడత. ఒక చక్రం నేలకు ఆనడం లేదు. కుడివైపు ఎనిమిది రివెట్లు, ఎడమవైపు ఏడు. చివరి మాటకు కాక మొహం మాడింది. "గది ఇయ్యాల ఏద్దామనుకున్న" అని గొణిగాడు.

"ముద్రకు రాదు" అన్నాడు తాతయ్య.

పొయ్యి దగ్గర నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "గా మాట నాకు కొత్తనా? నలభై మగ్గాల ఇంటికి కోడలిగొచ్చిన. ఒక్కనాడన్న ముద్ర చీర కట్టిన్నా?"

కాక నవ్వాడు. తాతయ్య నవ్వలేదు గాని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే నాకు తెలిసింది. మగ్గం నుంచి దిగిన ప్రతి చీరనూ తాతయ్య వెలుతురుకు పెట్టి చూసేవాడు. ఒక్క పోగు తెగినా ముద్ర వేసేవాడు కాదు. ఆ చీరను అమ్మాల్సి వస్తే తెగిన చోటు చూపించి అమ్మేవాడు. అలా మిగిలినవి మా ఆడవాళ్లు కట్టుకునేవారు. అంత పెద్ద ఇంట్లో పెళ్లిళ్లకు కూడా తెగిన పోగుల చీరలే. నా తలలో మాత్రం ఆకుముద్ర అంటే మేమెవరమో పదిమందికి తెలియడం. "ముద్ర కొన్నోళ్ల కోసం" అన్నాడు తాతయ్య నాతో. "మన కోసం కాదు." మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

అప్పుడే కిరసనాయిల్ గుడ్డతో రంగంతా తీసేశాం. కాక చక్రం సరిచేసి, ఎనిమిదో రివెట్టు నొక్కాడు. గురువారం తెల్లవారగానే ఒకే ఒక పల్చటి పూత వేశాడు. సాయంత్రానికి అది ఆరితేనే శుక్రవారం అందుతుంది. మా చాల్ చుట్టూ కార్ఖానాలే కాబట్టి గాలి నిండా పీచు. తడిరంగు మీద వాలిందంటే అతుక్కుపోతుంది. అందుకని కాక నులకమంచం నిలబెట్టి, నాయనమ్మ చీరలు నీళ్లలో ముంచి పిండి చుట్టూ తెరలు కట్టాడు. తడి తెర పీచును పట్టేస్తుంది. లోపల ముక్కాలి పీట, దాని మీద ఇంజన్. పక్కన నేను, ఒక చెంబు నీళ్లు. తెరలు ఆరినప్పుడల్లా చల్లాలి. విసనకర్ర విసరకూడదు, లేవకూడదు, తెర తీయకూడదు.

ఆ రోజు ఎలా గడిచిందో నా మోకాళ్లకు ఇప్పటికీ తెలుసు. అరికాలు దురద పెట్టింది. వీపు దురద పెట్టింది. బయట గోలీలాటలో పిల్లలు కొట్టుకుంటున్నారు. ఉధ్నా స్టేషన్ వైపు నుంచి ఇంజన్ కూతలు వినిపిస్తున్నాయి. వేలు పెట్టి చూడాలనిపించి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు అలాగే గెలిచాను. మిట్టమధ్యాహ్నం ఐసు గోలా బండి గంట మోగింది. ఎవరెవరు కొనుక్కుంటున్నారో చూద్దామని తెర నాలుగు వేళ్లంత జరిపాను. తెల్లటి పీచు ఒకటి ఏ తొందరా లేకుండా తేలుతూ లోపలికి వచ్చింది. డ్రైవరు నిలబడే గది కింద, అంచు అడుగున అంటుకుని అక్కడే ఉండిపోయింది.

తీస్తే రంగు లేస్తుంది. తీయకపోతే, ఇంజన్‌ను తిరగేసి చూస్తే తప్ప ఎవరికీ కనిపించదు. సాయంత్రం కాక వచ్చి తెర ఎత్తి, "శాబాష్ సావుకారీ, కూసున్నవు" అన్నాడు. అంతవరకూ ఆయన నన్ను మెచ్చుకోలేదు. ఆ మెప్పు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున కాక ఇంజన్‌ను మళ్లీ తాతయ్య ముందు పెట్టాడు. ఎవరూ అడగకుండానే నాయనమ్మ పెట్టె తెరిచి ముద్ర దిమ్మ తీసి కుర్చీ పక్కన ఉంచింది. మూడేళ్లలో అది బయటికి రావడం అదే మొదటిసారి. తాతయ్య కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు. తిరగేయడానికి చెయ్యి వేశాడు.

"తాతా, కింద పీచు ఉంది. నేను తెర తీసిన."

కాక నా వైపు చూశాడు. తాతయ్య తిరగేసి, పీచును చూసి, ఇంజన్‌ను కింద పెట్టాడు. దిమ్మను మళ్లీ బట్టలో చుట్టి నాయనమ్మకు ఇచ్చాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తెల్లకోటు తొడుక్కున్నాడు, తలపాగా చుట్టుకున్నాడు, చేతికర్ర అందుకున్నాడు.

"పాండ్రి" అన్నాడు కాకతో. "బండి ఆగదు."

స్టేషన్‌లో ఇంజన్ ఆవిరి వదులుతోంది. డ్రైవరు కిందికి దిగి, కాకను చూసి రెండు చేతులూ చాచాడు. కాక ఇంజన్‌ను ఆయన చేతిలో పెట్టాడు. తాతయ్య కర్రతో నా కాలిని తాకాడు. నేను ముందుకు వెళ్లి, నాకు వచ్చిన హిందీలో, దీని కింద ఒక తప్పు ఉందని, అది నా వల్లే జరిగిందని చెప్పాను. ఆయన ఇంజన్‌ను తిరగేసి, మసి పట్టిన వేలితో ఆ పీచును తాకి చూశాడు. ముప్పై ఏళ్లలో తనకు అప్పగించిన ఏ ఇంజన్‌లోనూ తప్పు ఎక్కడుందో ముందే చెప్పినవాడు లేడని, అన్నీ దారిలో తెలుసుకున్నానని నవ్వాడు. తన టీ డబ్బా పెట్టుకునే చోట మా ఇంజన్‌ను నిలబెట్టి బండి కదిలించాడు. తాతయ్య నిటారుగా నిలబడి పట్టాల వైపు చూస్తున్నాడు. ఆయన చెయ్యి మాత్రం నా మెడ మీద ఉంది. తిరుగు దారిలో ఆయన, కాక పక్కపక్కనే నడిచారు. రివెట్ల గురించి మాట్లాడుకున్నారు.

ఇవాళ పొద్దున నా బల్ల మీది ఇంజన్ రంగంతా తీసేశాను. పల్చటి పూత ఒకటి వేసి, అవసరం లేకపోయినా కిటికీకి తడి తువ్వాలు కట్టాను. గాలిలో పీచు లేదని తెలుసు. అది నా కాళ్లను ఆపడం కోసం. అయినా ఇది రాస్తూ మూడుసార్లు లేచాను.

ముద్ర దిమ్మ నా సొరుగులో ఉంది. నా అలమరలో పదకొండు ఇంజన్లు, రెండు ఓడలు, రెక్క కాస్త వంగిన ఒక విమానం ఉన్నాయి. ఒక్కదాని మీదా ఆకు లేదు. చూడ్డానికి ఎవరైనా వస్తే ముందు తిరగేసి తప్పు చూపిస్తాను, తరువాతే చేతికిస్తాను. అది నా వినయం అనుకుంటారు కొందరు. కాదు. ఆ ఇంటి గర్వంలో నా వంతుకు వచ్చింది అదే. ఈ ఇంజన్‌కు వెనక చక్రం ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. రంగు ఆరాక కింది వాటా పాపకు ఇచ్చేటప్పుడు ముందు ఆ చక్రం చూపిస్తాను.