పడవ మీద దేవుడి డబ్బా

పొయ్యి వెలిగించే ముందు చిన్నతల్లి కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి మూతడబ్బాలో వేస్తుంది. ఆ తరువాతే బియ్యం కడుగుతుంది. ఆ గుప్పెడు దేవుడిది. డబ్బా నిండిన ఆదివారం చర్చికి, వాళ్ల మాటలో గుడికి, చేరుతుంది. ఆమె నాయనమ్మ లేయమ్మ కూలికి వచ్చిన బియ్యంలోంచి సైతం ఆ వంతు తీసేది. "ముందు ఆయనకి, మిగిలింది మనకి" అన్న మాట తప్ప ఆ ఇంట్లో వేరే వేదాంతం ఎవరూ చెప్పలేదు.

యాభై రెండేళ్లు వచ్చేదాకా చిన్నతల్లి ఊడ్పులకు వెళ్లింది, కొబ్బరిపీచు పనికి వెళ్లింది. వంట మాత్రం సొంత ఇంట్లోనే. ఈ ఏడాది దిండి రేవులో వీర్రాజుగారి హౌస్‌బోటు మీద వంటమనిషిగా కుదిరింది. ఆమె చేపల పులుసు తిన్నవాళ్లు వంటగది గుమ్మం దాకా వచ్చి ఎలా చేశారని అడిగేవారు. నీళ్ల మీద తేలుతూ వండడం ఆమెకు పండుగలాగే ఉండేది. గిన్నెలు తోముతూ పాడేది, పోపు వేస్తూ ప్రార్థించేది. ప్రార్థన ముగిసేలోగా ఆవాలు మాడిన రోజులూ లేకపోలేదు.

నెల తిరిగింది. ఒక శనివారం సాయంత్రం పని ముగించుకుని, పడవలో పెట్టుకున్న డబ్బా చంకనెత్తుకుని దిగబోయింది. మర్నాడు గుళ్లో కొత్త పంట దేవుడికిచ్చే కోతల పండుగ. ఒక కాలు పడవ మీద, ఒక కాలు రేవు బల్ల మీద ఉండగా ఆగిపోయింది.

ఈ బియ్యం ఎవరివి?

నెల రోజులుగా, రెండు పూటలా, ఆమె చెయ్యి వీర్రాజుగారి బియ్యాన్ని దేవుడికి ఇస్తూ వచ్చింది. సరుకులు ఇంటికి చేరవేస్తున్నాడనే ఆయన పాత వంటవాణ్ణి మాన్పించాడు.

రేవులో ఆటోతో కాచుకున్న భర్త సూరిబాబు సంగతి విని నవ్వేశాడు.

"దేవుడికే కదే ఇచ్చేవు! నువ్వేమన్నా వండుకు తిన్నావా?"

"దేవుడి చేత దొంగసొత్తు దాయించేనండీ. నవ్వుతారేంటి?"

"పోనీ, చప్పుడు చెయ్యకుండా బస్తాలో పోసేసి రా. ఎవరు చూస్తారు?"

"తీసినప్పుడు చూసినాయన పోసినప్పుడు చూడడా?"

సూరిబాబు ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

అలవాటును భక్తి అనడానికి తొందరపడనక్కరలేదు. నెల రోజులు ఆ చెయ్యి తనంతట తానే కదిలింది. అందులో దేవుడెంత, మరపెంత అన్నది తేల్చడం కష్టం. కాని ఆ డబ్బాతో వెనక్కి నడవడానికి అలవాటు సాయపడదు. చిన్నతల్లి నడిచింది.

వీర్రాజుగారు పడవ పైఅంతస్తులో టీ తాగుతున్నాడు.

"ఏంటండీ చిన్నతల్లిగారూ, డబ్బా పట్టుకొచ్చేరు?"

చెప్పింది. "మాన్పిస్తే మాన్పించండి. దొంగని మాత్రం అనకండి" అని ముగించింది.

ఆయన మూత తీసి చూశాడు. "నెల్రోజులూనా?"

"ఆయ్. రెండు పూటలానండి."

"మీ గుప్పెడు మరీ చిన్నదండీ! మా పాత వంటోడిదైతే బస్తాయే మిగిలేది కాదు." ఆయన నవ్వి డబ్బా ఆమె వైపు నెట్టాడు. "పట్టుకెళ్లండి. దేవుడి పేరున తీసింది నేను వెనక్కి పుచ్చుకున్నానంటే మా ఆవిడ విజయదుర్గ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"వద్దండీ. ఇవి మీ బియ్యం. నేనెలా ఇస్తానండీ?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "సరే, బస్తాలో పోసెయ్యండి. పోసేకా నా చేత్తో నేనే తీసి ఇస్తాను. అప్పుడు పుచ్చుకుంటారా?"

"అప్పుడైతే ఆయ్."

చిన్నతల్లి డబ్బా గుమ్మరించాక వీర్రాజుగారు వంటగదిలో బస్తా ముందు కూర్చుని దోసిలి నింపాడు. సగం నేల మీద పడ్డాయి. యజమానీ వంటమనిషీ ఒకరి చేతికి మరొకరు అడ్డం వస్తూ గింజలు ఏరుకున్నారు. కింద నుంచి సూరిబాబు హారన్ కొడుతూనే ఉన్నాడు. మర్నాడు పండుగలో ఆ దోసిలి విడిగా, వీర్రాజుగారి పేరుతోనే గుళ్లో కానుకల బల్ల మీదికి చేరింది.

సోమవారం చిన్నతల్లి ఇంటి బియ్యం గుప్పెడు కొంగున ముడివేసుకుని వచ్చింది. ముడి విప్పి డబ్బాలో వేస్తుంటే వీర్రాజుగారు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"వేసేరా?"

"ఆయ్, వేసేనండి."

"అయితే వెలిగించండి. ఆకలేస్తుంది."