భాష గడిలో నాలుగే పేర్లు

నాకు కంప్యూటర్ నేర్పడానికి బెంగళూరు నుంచి వచ్చిన పిల్లవాడు నన్ను మొట్టమొదట అడిగిన మాట: "ఆంటీ, మీ లైబ్రరీలో గండసరు యారూ ఇల్వా?" మగవాళ్ళెవరూ లేరా అని. లేరు. నేనూ, ఒక ముసలి అటెండరూ. అటెండర్ను పంపిస్తే నేర్చుకుంటాడా అని కూడా అడిగినాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, మేడ ఎక్కలేడు అని చెప్పి కుర్చీ లాక్కోని కూర్చున్యా.

తొంభైల చివర్లో మాట. బళ్ళారి గాంధీనగర్‌లో ఒక మేడ మీద ఆ ట్రైనింగు. జిల్లాలోని చిన్నచిన్న లైబ్రరీల వాళ్ళందర్నీ పిలిపించినారు. ఒక్కో కంప్యూటర్ ముందర ఇద్దరిద్దరు. నా పక్కనాయన ట్రైనింగు అయిపోయేదాకా మౌస్ వదల్లేదు. అడిగితే, "మీరు చూస్తాండండి మేడమ్, చూస్తే వచ్చేస్తాది" అన్నాడు. చూస్తే వచ్చేదైతే మా ఇంట్లో మగవాళ్ళందరికీ దోసె పోయడం వచ్చుండాల గదా!

ఆ పిల్లవాడు చెప్పిన ఒక్క మాట మాత్రం నాకు నచ్చింది. ఇంకమీద మా లైబ్రరీలో ఏ పుస్తకం ఉండేదీ, యాడున్నవాళ్ళైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చంట. ఆ మాట నేను నమ్మినాను.

మా ఇల్లు బ్రూస్‌పేటలో. లైబ్రరీ మాత్రం కూరెకుప్ప అవతల ఒక చిన్న వూర్లో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. లైబ్రరీ వాకిట్లోనే ఇనుపరాయి మోసే మైన్సు లారీల దోవ. పొద్దున తుడిచిన పుస్తకం మధ్యాన్నానికి దుమ్ముతో ఎర్రగా అయ్యేది. కన్నడ పుస్తకాలే ఎక్కువ, అది న్యాయమే. కానీ కిటికీ పక్కన రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలుండేవి. బ్రూస్‌పేట షావుకార్లు వాళ్ళ పఠనమందిరం మూసేసినప్పుడు ఇచ్చినవి. వాటికోసం వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. తరాల నుంచి ఈడే ఉన్నవాళ్ళు, అనంతపురం వైపు నుంచి పనులకొచ్చినవాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు.

ట్రైనింగులో రానిది నేను మా వీధిలోనే నేర్చుకున్యా. అంతకుముందు ఎస్‌టీడీ బూత్‌గా ఉన్నది అప్పుడే ఇంటర్నెట్ సెంటరైంది. దాన్ని నడిపే భాయ్ నాకు మూల కంప్యూటర్ ఇచ్చేవాడు. బస్సు దిగి నేరుగా ఆడికి పోయేదాన్ని. మొదట్లో మౌస్ బల్ల అంచుదాకా పోయి కింద పడేది. "డరో మత్ మేడమ్, భయపడొద్దు, అది కరవదు" అని నవ్వేవాడు. ఫోన్ లైన్ కలిసేటప్పుడు వచ్చే ఆ కీచు శబ్దానికి నా పండ్లు పులిసేవి. ఇంట్లో మా ఆయన, "ఈ వయసులో నీకేందే ఈ యాతన? రాదని ఒక అర్జీ రాసి పారేయి" అన్నాడు. ఆయనది కిరాణా అంగడి. "మీ అంగడికి కొత్త తక్కెడొస్తే మీరు అర్జీ రాస్తారా?" అన్నాను. పళ్ళెం తీసుకోని వంటింట్లోకి పోయినాడు.

నా మొదటి ఈమెయిల్ పక్క గదిలో ఉన్న భాయ్‌కే పంపినాను. గోడ అవతల నుంచి "మిల్ గయా!" అని అరిచినాడు, అందిందని. ఆ పొద్దు నాకు కలిగిన సంతోషం ఉద్యోగమొచ్చిన రోజు కూడా కలగలేదు.

తరువాత లైబ్రరీకి కంప్యూటర్ వచ్చింది. పుస్తకాల పేర్లన్నీ ఎక్కించి జిల్లా ఆఫీసుకు పంపించల్ల. కన్నడవి ఎక్కించినాను, ఇంగ్లీషువి ఎక్కించినాను. ఒకరోజు కిటికీ పక్క బీరువా తెరిచి, మొదటి తెలుగు పుస్తకం తీసి, భాష అనే గడిలో నొక్కినాను. నాలుగే పేర్లు వచ్చినాయి: కన్నడ, ఇంగ్లీష్, హిందీ, ఇతర.

కళ్ళజోడు తుడుచుకోని మళ్ళీ చూసినాను. ఇతర! బళ్ళారి జిల్లాలో తెలుగు ఇతర. ఉర్దూ కూడా అంతే, ఆ భాయ్ భాష కూడా ఇతరే. పైగా ఇతర అని నొక్కితే పుస్తకం పేరు రాసే చోటే మూసుకపోయేది. ఎన్ని ఉండాయో అంకె వేస్తే చాలు. కందులు, పెసలు కూడా మా ఆయన అంగట్లో పేరు పెట్టే అమ్ముతారే!

నేను ఊరుకోలేదు. భాష కన్నడ అని పెట్టి, తెలుగు పేర్లను కన్నడ అక్షరాల్లో కొట్టినాను. మన అక్షరాలూ వాళ్ళ అక్షరాలూ అక్కాచెల్లెళ్ళే గదా, చదివేవాళ్ళకు తెలుస్తాదిలే అనుకున్యా. రెండు బీరువాలూ అట్ల ఎక్కించి పంపినాను. జిల్లా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, కన్నడ పట్టికంతా తప్పులతడకగా ఉందని. ఆడనే అన్నీ తుడిచేసినారు.

ఆ తరువాత జిల్లా ఆఫీసు నుంచి అధికారి తనిఖీకి వచ్చినాడు. కంప్యూటర్‌కు వేరే గది కట్టల్లంట, చోటు కావాలంట. "ఈ ఇతర పుస్తకాలను ఎవరూ వెతకడం లేదు, గోడౌన్‌కు పంపించండి" అని కన్నడలో చెప్పినాడు. పేరే లేని పుస్తకాన్ని ఎవరు వెతుకుతారు సార్ అని నేను అడుగుతుండగానే నా బల్ల మీద ఫోను మోగింది. ఆయన ఇంటి నుంచి. రిసీవర్ తీసుకోని మెల్లగా, "ఊ మా, తింటాలే. మాత్ర ఏసుకున్యావా? నేను సాయంకాలానికి వస్తా" అన్నాడు. మా ఇంట్లో మేము మాట్లాడే తెలుగే, అదే యాస.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఫోను పెట్టినాక తెలుగులోనే అడిగినాను: "సార్, ఇప్పుడు మీ అమ్మతో మాట్లాడిందాన్ని ఏ గడిలో వేయమంటారు?"

ఆయన మొహం కందిపోయింది. "మనె విషయ ఆఫీసిగె తరబేడి" అన్నాడు కన్నడలో. ఇంటి విషయాలు ఆఫీసుకు తేవద్దంట. ఇల్లంట! నేనేమన్నా ఆయన ఇంట్లో చింతపండు ధర అడిగినానా?

మరుసటి వారం పుస్తకాలు మూటలు కట్టినాం. మా అటెండర్ కన్నడాయన, తెలుగు ఒక్క ముక్క చదవలేడు. పురికొస బిగిస్తా బిగిస్తా, "ఇదు అన్యాయ మేడమ్, పుస్తక ఏన్ పాప మాడిద్వు?" అన్నాడు. పుస్తకాలేం పాపం చేసినాయని. ఆయనకు తెలిసినంత కూడా అధికారికి తెలియలేదా అంటే, తెలుసు. తెలిసే చేసినాడు. నాకు కోపం అందుకే.

లారీ వచ్చిన రోజే, తన పనికి శెలవున్న రోజల్లా పుస్తకానికొచ్చే ఆమె వచ్చింది. ఖనిజం యార్డులో రాళ్ళేరే పని ఆమెది. చేతుల ఎరుపు పుస్తకానికి అంటుతాదని ముందు బోరింగు దగ్గర కడుక్కోని, కొంగుతో తుడుచుకోని లోపలికొచ్చేది. ఖాళీ బీరువా చూసింది.

"మా బుక్కులు యాడక్కా?"

"గోడౌన్‌కు పంపిస్తాండారు."

"మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"తెలీదమ్మా. కన్నడవి తీసుకుంటావా, బొమ్మలుండేవి?"

నన్ను ఎగాదిగా చూసింది. "నేనేం పసిబిడ్డనా అక్కా, బొమ్మలు చూసేకి?" అని చేతిలోని పాత పుస్తకం బల్ల మీద పెట్టి పోయింది. ఆమె కోపంలో న్యాయముంది. ఆ కోపం పడాల్సినవాడు జీపులో ఎప్పుడో పోయినాడు, నేను దొరికినాను.

ఆ పొద్దు నుంచి ఈమెయిళ్ళు మొదలుపెట్టినాను. జిల్లా ఆఫీసుకు, వాళ్ళ పైఆఫీసుకు, వారం వారం. 'అందింది' అని ఒక్క ముక్క జవాబొచ్చేది. ఒక్కోసారి అదీ రాదు. చివరకు ట్రైనింగు ఇచ్చిన ఆ పిల్లవాడి అడ్రసు కాగితాల్లో దొరికితే వాడికే రాసినాను. రెండో పొద్దే ఫోను చేసినాడు.

"ఆంటీ, అదు ఒందే లైన్. నేనే చేర్చి పంపిస్తాను. పేరు రాసే చోటు కూడా తెరిపిస్తాను."

"ఒక్క లైనా? మరి మొదటే ఎందుకు పెట్టలేదు నాయనా?"

"యారూ కేళలిల్ల ఆంటీ."

ఎవరూ అడగలేదంట! ఒక్క లైను లేక రెండు బీరువాలు ఖాళీ అయినాయి. వాడి మీద అరవబుద్ధయింది. కానీ అంతమందిలో తిరిగి ఫోను చేసినవాడు వాడొక్కడే. ఫ్లాపీ పోస్టులో పంపించినాడు, ఎట్ల వేయాలో ఈమెయిల్లో రాసినాడు. నేనే వేసినాను, ఎవర్నీ పిలవలేదు. భాష గడిలో తెలుగు వచ్చింది, ఉర్దూ వచ్చింది. తెలుగు అక్షరాలు మాత్రం ఇంకా లేవు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టల్ల. కలకూ కళకూ తేడా తెలియదు. అయినా సరే అనుకున్యా.

మూటలు తెప్పించేకి మళ్ళీ అర్జీలు, మళ్ళీ తిరుగుడు. వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. గోడౌన్ పైకప్పు కారిందంట. కింది మూటల్లో పుస్తకాలు ఒకదానికొకటి అతుక్కోని ఇటికల మాదిరి అయినాయి. విడదీస్తే పేజీలు పొరలు పొరలుగా ఊడినాయి. అటెండరూ నేనూ బాగున్నవాటిని ఎండలో పరిచినాం. ఆ యార్డులో పనిచేసే ఆమె కోసం కబురు పంపిస్తే, పని మానేసి వూరికి పోయిందన్నారు. ఏ వూరో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా నన్ను మండించింది ఆ తరువాత బళ్ళారిలో జరిగిన మీటింగు. అందరి ముందర ఆ అధికారే మైకు పట్టుకోని, సరిహద్దు జిల్లా అని గుర్తుంచుకోని తామే తెలుగు, ఉర్దూ భాషలను కంప్యూటర్‌లో చేర్పించినట్ల చెప్పినాడు. చప్పట్లు కొట్టినారు. నేను లేచి నిలబడినాను. పక్కామె నా కొంగు పట్టి లాగింది, కూర్చోమని. కూర్చోలేదు.

"సార్, చేర్పించింది మీరు కాదు. మీరు మూటలు కట్టించినారు. సగం పుస్తకాలు మీ గోడౌన్లో నాని చచ్చినాయి" అన్నాను, తెలుగులోనే.

హాల్లో సగం మందికి నా మాట అర్థమైందని వాళ్ళ మొహాలే చెప్పినాయి. నేను చూస్తే తల తిప్పుకున్యారు. అధికారి కాగితాలు సర్దుకోని కాఫీకి విరామం అన్నాడు.

కాఫీ దగ్గర రాయదుర్గం దోవలో ఏదో వూరి లైబ్రరీలో పనిచేసే ఒకామె నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, మా దాంట్లో ఇంకా ఇతరే ఉండాది. ఎట్లెయ్యాల?" ఫ్లాపీ నా సంచిలోనే ఉండింది. సాయంత్రం ఆమెను భాయ్ సెంటర్‌కు పిలుచుకోని పోయినాను. మౌస్ ఆమె చేతికే ఇచ్చి, నేను పక్కన నిలబడి చెప్పినాను. ఆమె బస్సుకు టైమయ్యేలోపల నేర్చుకుంది.

పుస్తకాలు పోయిన కోపం మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.