గట్టిగ చదువు

నల్లటి తెర మీద ఎర్రగా వస్తాయి కాబట్టే వాటిని ఎర్రర్లంటారని నమ్మినంత తెలివి నాది. అవి కనిపిస్తే చదివేవాణ్ని కాదు. కంగారుపడి, ఇచ్చిన కమాండే మళ్లీ ఇచ్చేవాణ్ని.

మా మాదాపూర్ ఆఫీసులో సర్వర్లు చూసే అన్న ఒకడుండేవాడు. ఎవరు పిలిచినా వచ్చేవాడు కానీ ఎవరి కీబోర్డూ ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడేవాడు.

నా ఉద్యోగం ఖాయమవుతుందో లేదో తేలే రోజున, క్లయింటుకు చూపించాల్సిన ప్రోగ్రాం మొండికేసింది. తీసేసి మళ్లీ ఎక్కించినా లేవలేదు. ఇక అన్నను పిలిచాను.

"ఏమంటుందది?"

"ఏదో ఎర్రర్ అన్నా."

"ఏదో అంటే? గట్టిగ చదువు. ఆ చివరోళ్లకు గూడ ఇనవడాలె."

చదివాను. ప్రోగ్రాం కూర్చోవాల్సిన చోటును, అదే పోర్టును, ఇప్పటికే మరొకరు వాడుకుంటున్నారట. ఆ మరొకరు ఎవరో కాదు, పొద్దున ఇంకో విండోలో నేనే నడిపి మరిచిపోయిన అదే ప్రోగ్రాం.

"నీ సీట్ల నువ్వే కూసొని, ఎవరో లేస్తలేరని పరేషాన్ అయితున్నవ్," అన్నాడు.

పాతదాన్ని ఆపగానే కొత్తది నడిచింది. నా ఉద్యోగమూ నిలిచింది.

ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయే వారం, తనే నన్ను పిలిచాడు. "జర ఇటు రా. సర్వర్లకు పోనిస్తలేదు." తెర నిండా ఎర్రటి అక్షరాలు. కీబోర్డు నా వైపు జరిపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"గట్టిగా చదవన్నా."

నన్నొక చూపు చూసి, కళ్లజోడు సవరించుకుని, బుద్ధిగా చదివాడు. పాస్‌వర్డు గడువు తీరిపోయిందట.

"ఆ చివరివాళ్లకి వినపడలేదన్నా," అన్నాను.