నీళ్లు పోయకుండా కోసిన రాయి

ఏం పని చేస్తావని అడిగితే తిరుమలేష్ నోటితో చెప్పడు. జేబులోంచి వర్క్ పర్మిట్ కార్డు తీసి చూపిస్తాడు. దాని మీద కన్‌స్ట్రక్షన్ అని ఉంటుంది. జగిత్యాల పక్క పల్లె నుంచి సింగపూర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి మూడేళ్లు ఆ మాట నిజమే. తర్వాతి ఆరేళ్లు అతను కోసింది వంటింటి గట్టు మీద పరిచే తెల్లరాయి. కొండలో పుట్టిన రాయి కాదది, రాతిపొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో పోత పోసింది. కార్డు మీద లేని పని చేయిస్తున్నట్టు బయటపడితే రాయి కోసే షాపు మూతపడుతుంది, పనివాళ్లను విమానం ఎక్కిస్తారు. అందుకే ఓనరు మొదటి రోజే చెప్పిపెట్టాడు, ఎవరడిగినా కార్డే మాట్లాడాలని.

దగ్గు మొదలయ్యాక కూడా ఏడాది పైన కార్డే మాట్లాడింది. క్లినిక్కులో ఆస్తమా అన్నారు, పీల్చే మందిచ్చారు. సెలవు మీద ఊరికి పోతే టీబీ అన్నారు, ఆరు నెలల మాత్రలు కట్టిచ్చారు. భార్య రజిత రోజూ ఫోన్ చేసి, మాత్ర మింగిన చప్పుడు వినేదాకా పెట్టేసేది కాదు. మాత్రలు అయిపోయాయి. ఒంట్లోంచి పద్నాలుగు కిలోలు పోయాయి. దగ్గు మాత్రం పోలేదు.

ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో. స్కానింగులో ఊపిరితిత్తులు రెండూ పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉన్నాయి. కళ్లెలో టీబీ లేదు, రక్తంలో ఏమీ దొరకలేదు. ఆసుపత్రిలో తమిళం మాట్లాడేవాళ్లున్నారు గానీ, వాళ్లేమడిగినా అతను సరి సరి అంటూ తలూపుతున్నాడు. ఇలా కాదని డాక్టరమ్మ తెలుగు మనిషిని పిలిపించింది. వచ్చినామె కల్పన, సైన్స్ పార్కులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాకినాడ పిల్ల. శనివారాలు ఇలా మాట సాయానికి వస్తుంటుంది.

"తిరుమలేష్ గారూ, డాక్టర్ గారు మళ్లీ అదే అడుగుతున్నారండి. దుమ్ములో ఏమైనా పని చేశారా అని."

"కన్‌స్ట్రక్షన్ మేడం. కార్డుల ఉన్నది గద."

"కార్డు నేనూ చదివానండి. దగ్గేది కార్డు కాదు కదా."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే పక్కనున్న మెషిన్ కూతపెట్టింది. నర్సు వచ్చి దాన్ని ఆపేసరికి అతని పెదాలు నల్లబడ్డాయి.

అతని నోరు కట్టేసింది ఓనరు కాదు, శ్యాంసుందర్. రజిత తమ్ముడు. మూడేళ్ల కింద తిరుమలేషే తీసుకొచ్చి అదే షాపులో పెట్టించాడు. షాపు మూతపడితే వాడి ఉద్యోగమూ పోతుంది. పని కూడా తనే నేర్పాడు. షాపులో అయితే రాయి మీద నీళ్లు పడుతుండగా కోస్తారు, దుమ్ము లేవదు. ఇంటికి పోయి బిగించేటప్పుడు సింకు కోసం బొక్క అక్కడే కొయ్యాలి. నీళ్లు పోస్తే బురద కొత్త ఫ్లోర్ మీద పడుతుంది, ఇంటి ఆంటీ ఓనరుకు ఫోన్ చేస్తుంది. కాబట్టి పొడిగానే. "ముక్కుకు కర్చీఫ్ కట్టు, ఊపిరి బిగబట్టు, ఒక్క నిమిషంల అయిపోతది" అని బామ్మర్దికి చూపించింది తనే. నిజానికి ఏ బొక్కా నిమిషంలో అయ్యేది కాదు.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. కల్పన దాన్ని తెలుగులో చెప్పింది.

"కారణం తెలియట్లేదు కాబట్టి ఎల్లుండి పక్కటెముకల మధ్య కోసి చిన్న ముక్క తీస్తారటండి. మీరున్న స్థితిలో అదీ ప్రమాదమే అంటున్నారు. ఇంకో మాట. ఇది పనిచేసే చోట గాలిలోంచి వచ్చిందైతే, పక్కన నిలబడ్డవాళ్లకీ వస్తుందట. ఇంకా ముదరనివాళ్లు ఇప్పుడే తప్పుకుంటే బతికే వీలుందట."



"నా బామ్మర్ది అక్కడనే ఉన్నడు మేడం," అన్నాడు తిరుమలేష్.

ఆ తర్వాత అన్నీ చెప్పేశాడు. రాయి, కర్చీఫ్, సింకు బొక్క, షాపు ఎక్కడున్నది, ఎంతమంది. డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసి వింది. ఇక ముక్క కోసం పక్కటెముకల మధ్య కొయ్యక్కర్లేదంది. సిలికోసిస్, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బు. మామూలుగా ఇరవయ్యేళ్లు తీసుకునేది, ఈ రాయితో అయితే కొన్నేళ్లలోనే ముంచుకొస్తుంది, ఊపిరి గదుల్లో పాలలాంటిది నిండిపోతుంది.

"మందు?"

"లేదంటండి." కల్పనకు దాన్ని మెత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు. "వేరేవాళ్ల ఊపిరితిత్తులు పెట్టే దారి ఉందట గానీ, ఆ వరుసలో మీ పేరు రావడం..."

"అర్థమైంది మేడం."

తర్వాతి వారం ఊపిరితిత్తులు కడిగారు. మత్తిచ్చి, ఒకవైపు మెషిన్ మీద శ్వాస నడిపిస్తూ, రెండోవైపు ఉప్పునీళ్లు పోసి తీశారు. నాలుగు రోజులాగి రెండోది. బయటికొచ్చిన నీళ్ల సీసాలు నర్సు చూపించింది. చిక్కటి తెలుపు. షాపులో రాయి కోసేటప్పుడు కింద తొట్టిలో నిండే నీళ్లు అచ్చం అలాగే ఉండేవి. కొన్ని నెలలు కాస్త తేలిగ్గా ఉంటుందని డాక్టరమ్మ అంది. రాయి లోపలే ఉంటుందని కూడా అంది.

ఆదివారం శ్యాంసుందర్ వచ్చాడు. ఈలోగా ఇన్‌స్పెక్టర్లు షాపుకు పోయారు, షట్టర్ పడింది. కుర్చీ ఉన్నా అతను కూర్చోలేదు.

"చెప్పినవా బావా?"

"చెప్పిన."

"పదకొండు మందిమి రూముల కూసొని ఫోన్లు నొక్కుతున్నం. ఎవ్వన్ని ఎప్పుడు పంపిస్తరో తెల్వదు. ఇగ నీ ఫోటోకు దండేద్దమా?"

"ఏస్తువు తియ్. తొందరెందుకు?"

శ్యాంసుందర్ మొహం తిప్పుకున్నాడు. తిరుమలేష్ ఊపిరి కూడదీసుకున్నాడు.

"నీ కోసమే చెప్పినరా. పోయి ఎక్స్‌రే తీయించుకో. నీకింకా దగ్గు రాలే, బయటపడ్తవ్."

"తీయించిన."

"ఎప్పుడు?"

"నువ్ మంచం పట్టకముందే. పాయా లేబర్ స్టేషన్ కాడ ప్రైవేట్ క్లినిక్‌ల." ఫోన్ తీసి ఇచ్చాడు. "అక్కకు చెప్పకు."

ఈ మూడు వారాల్లో తిరుమలేష్ తన ఛాతీ బొమ్మలు ఎన్ని చూశాడో. చదువు రాకపోయినా ఇది మాత్రం చదవగలడు. రెండువైపులా పైభాగంలో ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"నాకు చెప్పకపోతివి గదరా."

"చెప్తే నువ్వు అప్పుడే షాపు సంగతి బయటపెట్టేటోనివి."

తిరుమలేష్ ఫోన్ తిరిగివ్వలేదు.

"రూముకు మెట్లెక్కేటప్పుడు ఆగుతున్నవా?"

"నాలుగో అంతస్తు గద. మూడో దాని కాడ ఒక్కసారి."

తను మూడో అంతస్తు దగ్గర ఆగడం మొదలుపెట్టింది నిరుటి దసరాకు. ఆ సంగతి బామ్మర్దికి చెప్పలేదు.

"రేపు డాక్టరమ్మ వస్తది. ఈ బొమ్మ ఆమెకు చూపియ్."

"చూపిస్తే ఏం జేస్తది?"



"కడుగుతరు," అన్నాడు తిరుమలేష్. "ఒక్కోదిక్కు."

శ్యాంసుందర్ అప్పుడు కూర్చున్నాడు.