పదింట ఒకసారి

సికింద్రాబాద్‌లో ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పింది సీతారత్నం. కరోనా తర్వాత ఆ కాలేజీ మూతపడింది. నలభై తొమ్మిదేళ్ల మనిషిని మళ్లీ ఎవరూ క్లాసులోకి పిలవలేదు. బోయినపల్లి వైపు ఒక గోదాములో పార్సిళ్లు కట్టే పనిలో చేరింది. అక్కడ అందరూ ఆమెను "టీచరమ్మా" అనే పిలిచేవారు. మొదట్లో ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది. తర్వాత తర్వాత, అది కూడా లేకపోతే తనకింకేం మిగిలిందని ఊరుకుంది.

షిఫ్టు అయ్యాక గేటు దగ్గర ప్రతి ఒక్కరూ ఒక డబ్బా మీది బటన్ నొక్కాలి. పచ్చలైటు వెలిగితే ఇంటికి పోవచ్చు. ఎర్రలైటు వెలిగితే పరదా వెనక్కి వెళ్లి, చెప్పులు విప్పి, కొంగు దులిపి, ఒళ్లంతా తడిమించుకోవాలి. పదింట ఒకరికే ఎర్రలైటు వస్తుందని, అది ఎవరి మీదా అనుమానం కాదని గోడ మీద నోటీసు అంటించారు.

సీతారత్నం పక్క టేబుల్ మీద పనిచేసేది నూర్‌బీ. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. "ఆడోళ్ల బాత్రూంకు గొళ్లెం లేదు మేడం" అన్నది నూర్‌బీ ఒక్కతే. వారంలో గొళ్లెం వచ్చింది. ఆ పై నెల నుంచి ఆమెకు ఎర్రలైట్లు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా నూర్‌బీ మడత పెట్టిన క్యాలెండర్ కాగితం విప్పింది. పనికొచ్చిన ఇరవై ఆరు రోజుల్లో ఎర్రలైటు పడ్డ తొమ్మిదింటికి ఆమె కూతురు మిస్బా రంగు పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పెట్టింది.

"పదింట ఒకసారి అంటరు గద టీచరమ్మా. మరి నాకేందీ గిన్నిసార్లు? గిది నా నసీబేనా, లేకుంటే ఎవరన్న కావాలని చేస్తున్నరా? జెర లెక్కజేసి చెప్పుండ్రి."

సీతారత్నం ఒక అట్టముక్క వెనక లెక్క మొదలుపెట్టింది. వచ్చే ఫలితాలు రెండే, ఎరుపో పచ్చో. ఏ రోజు నొక్కినా అవకాశం ఒక్కటే. నిన్నటి లైటు ఇవాళ డబ్బాకు గుర్తుండదు. ద్విపద విభాజనం అని పేరు పెట్టి, నాణేలతో పాచికలతో ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పిన పాఠమే. ఇరవై ఆరు రోజులకు రెండో మూడో ఎర్రలైట్లు రావాలి. తొమ్మిది గానీ అంతకు మించి గానీ రావడానికి అవకాశం పదివేలలో ఆరు.

అట్టముక్క పట్టుకుని మేనేజర్ హరికిషన్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"నేను సుత ఎంబీఏల చదివిన మేడం ఈ లెక్కలు. ఇక్కడ మూడు వందల మంది ఉన్నరు. అంతమందిల ఎవరో ఒకరికి గట్ల పడదా? పడ్డామెను ఏరి తెచ్చి నన్ను అడిగితే ఎట్ల?"

టేబుల్ దగ్గరికొచ్చి మళ్లీ లెక్క వేసింది. మూడు వందల మందిలో ఎవరో ఒకరికి అలా పడే అవకాశం దాదాపు ఆరింట ఒకటి. అతను అన్నది నిజమే. లైట్లు వెలిగాక తను మనిషిని ఎంచుకుంది. ముందే పేరు చెప్పి, ఆ తర్వాత లెక్కపెట్టాలి.

"ఇంకొక్క నెల రాసిపెట్టు నూర్‌బీ. ఈసారి కాదనలేరు" అంది.

నూర్‌బీ ముద్ద గిన్నెలోనే వదిలేసింది. "అంటే మీ లెక్క పక్కా గావాలంటే నన్ను ఇంకో నెల తడమనియ్యాల్నా?"

సీతారత్నం అట్టముక్కను బోర్లా తిప్పి పెట్టింది. నూర్‌బీయే అన్నం గిన్నె మూత పెడుతూ "సరే, రాస్త తియ్యి" అంది.

ఆ నెల సీతారత్నం రోజూ గేటు దగ్గర ఆగి చూసేది. ఆరోసారి ఎర్రలైటు వెలిగిన సాయంత్రం ఆమెకు లోపల సంతోషం కలిగింది. కాలేజీ పోయాక అలాంటి సంతోషం అదే మొదలు. పరదా కింద నూర్‌బీ పాదాలు, పక్కన విడిచిన చెప్పులు కనిపిస్తున్నాయి. తనకేం కలిగిందో తెలిసి సీతారత్నం తల తిప్పుకుంది.

ఇరవై ఐదు రోజులకు ఎనిమిది. నాలుగు వందల నలభైలో ఒక అవకాశం. ఇది అదృష్టం కాదని లెక్క చెప్పగలదు గానీ, ఎవరి చెయ్యో చెప్పలేదు. సీతారత్నం ఆ లెక్క కాగితం హరికిషన్‌కు ఇచ్చిన రోజున నూర్‌బీ పనికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

"డబ్బా ఖరాబైనట్టుంది" అన్నాడు హరికిషన్, కాగితం మడిచి సొరుగులో వేస్తూ. మర్నాడు డబ్బా తీసేశారు. ఎవర్నీ ఏమీ అనలేదు. నోటీసు మాత్రం మారింది: ఇకనుంచి అందరికీ, రోజూ తనిఖీ.

పరదా ముందు వరుస రోడ్డు దాకా సాగింది. "మీ లెక్కల పుణ్యమాని నా బస్సు పోతుంది టీచరమ్మా" అని వెనక నిలబడ్డ దేవిశ్రీ అందరి ముందరే అంది. వరుసలో ఒక్కరూ ఆమెను ఆపలేదు.

రెండు ఆదివారాల తర్వాత మోండా మార్కెట్‌లో నూర్‌బీ కనిపించింది. అక్క దుకాణంలో నిమ్మకాయలు ఏరుతోంది. సీతారత్నం దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, నాలుగు వందల నలభైలో ఒకటి అని చెప్పింది. నసీబు కాదని తేలిపోయిందంది.

"నాకు మొదటి నెల్లనే ఎరుకాయె అమ్మా. మీ నోటితోని ఒక్కసారి చెప్తరని అడిగిన, అంతే" అంది నూర్‌బీ.

ఈసారి టీచరమ్మా అనలేదని సీతారత్నం గమనించింది. వెనక ఎవరో నిమ్మకాయల ధర అడిగారు. నూర్‌బీ అటు తిరిగింది.