సాక్ష్యం చెప్పిన క్వార్టర్‌బ్యాక్

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి వాళ్ళ హాల్లో కూర్చుని గోంగూర గిల్లుతున్నాను. టీవీలో సూట్లు వేసుకున్న ముగ్గురు మగవాళ్ళు ఒక కుర్రవాడి అరచెయ్యి గురించి వాదించుకుంటున్నారు. వేళ్ళు చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎంత వచ్చిందన్నది చర్చ. కావలసినదానికన్నా కాస్త తక్కువ వచ్చిందట. వానలో ఆ చేతికి బంతి నిలుస్తుందా అని ఒకాయన బెంగ. రెండో ఆయన అనుమానం చేతి మీద కాదు, మనసు మీద. "ఈ కుర్రాడికి ఆటంటే నిజంగా ప్రేమేనా?" అని తానే అడిగి, అంత లేదని తెలిసినవాళ్ళు చెప్పారని తానే జవాబిచ్చాడు. ఎవరా తెలిసినవాళ్ళంటే చెప్పడు. మూడో ఆయన తల పంకించాడు. నా ముఖం చూసి మా అమ్మాయి, "మమ్మీ, నీ బీపీ! ఛానల్ మార్చనా?" అంది. "మార్చకు. ఇంకా ఏమేం కూస్తారో విననీ" అన్నాను. ప్రార్థన చేసుకునే నోటితో అనవలసిన మాట కాదు. కానీ ఆ ముగ్గురినీ, వాళ్ళలాంటివాళ్ళనూ క్షమించే కృప ఇంకా నాకు దొరకలేదు. అడుగుతూనే ఉన్నాను.

తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. ఈ అమెరికా దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. ఆ బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అవతలి జట్టులోని కొండల్లాంటి మనుషులు మీద పడేలోగా, రెండు మూడు ఊపిరుల వ్యవధిలో, ఎవరికి విసరాలో అతను తేల్చుకోవాలి. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళను ఏటా ఏప్రిల్‌లో వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. దానికి ముందు కొన్ని నెలలపాటు అందరినీ సోదా చేస్తారు, క్వార్టర్‌బ్యాక్‌లను మరీను. ఇవన్నీ నాకు నేర్పింది మా బావగారు, అంటే మా అక్క భర్త. ఎడిసన్‌లో ఉంటారు. రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. మా సంఘంలో బాప్తిస్మం కోరి వచ్చినవాళ్ళను పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. బావగారు అడిగితే చదువుకున్నవాళ్ళకు కూడా చెమటలు పట్టేవి. అదే పట్టుదలతో ప్రతి వసంతంలోనూ క్వార్టర్‌బ్యాక్‌లను పరీక్షించేవారు. పాత ఆటల వీడియోలు ఆపి ఆపి చూస్తూ, "చూడమ్మా, వీడు ఒకడి వంకే చూస్తున్నాడు. పక్కవాడు ఖాళీగా ఉన్నా వీడికి కనబడటం లేదు. పనికిరాడు" అని తీర్పు చెప్పేవారు. వంటింట్లోంచి అక్క, "పెళ్ళిచూపుల్లో నన్ను ఇందులో సగంసేపైనా చూశారా ఈయన?" అనేది.

చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పట్లో మా సంఘానికి సొంత మందిరం లేదు. పక్క ఊరు పిస్కాటవేలో నల్లజాతి అమెరికన్ల సంఘం ఒకటి తమ మందిరాన్ని ఆదివారం మధ్యాహ్నాలు మాకిచ్చేది. వాళ్ళు ఆరాధన ముగించుకుని బయటికి వస్తుంటే మేం పులావు గిన్నెలు, పెరుగు పచ్చడి పట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. గుమ్మం దగ్గర ఇరుపక్కలా చిరునవ్వులు, "ప్రైజ్ ది లార్డ్"లు. వాళ్ళ గాయక బృందాన్ని నడిపే ఆవిడ ఆస్పత్రిలో నర్సు, భర్త పోయిన మనిషి. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు హైస్కూల్లో ఉండగా ఒక ఆదివారం మా పులావు వాసనకి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మా అక్క పళ్ళెం చేతికిచ్చింది. ఆ తరవాత వారం ఊరికే తినడం బాగుండదనుకున్నాడో ఏమో, మా పాటలకు డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టాడు. మా పాతకాలపు కీర్తనల నడక అతనికి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. "ఆంటీ, ఇంత స్లోగా పాడితే దేవుడికి నిద్ర రాదా?" అని నన్నడిగాడు. హైస్కూలు జట్టుకు అతనే క్వార్టర్‌బ్యాక్ అని తెలిసిన రోజున మా బావగారి ముఖం చూడాలి. వాగ్దాన దేశం కంటికి కనిపించినట్టు వెలిగిపోయింది.

మా ఆరాధనలో సాక్ష్యం చెప్పడమనేది ఒకటుంది. ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు లేచి, దేవుడు తమకు చేసిన మేలు పదిమందిలో చెబుతారు. మేలు చెప్పాలంటే ముందు తన లోటు చెప్పుకోవాలి. పడిపోయానని చెబితేనే కదా లేపినవాడి సంగతి వస్తుంది. నేను చిన్నప్పటి నుంచీ ఎరిగిన పద్ధతి అది. మా నాన్నగారు సంఘ కాపరి. తన గొప్ప తానే చెప్పుకునేవాడి సాక్ష్యం మొదలవగానే ఆడవాళ్ళ వరసలో దగ్గులు వినబడేవి. కన్నీళ్ళతో తన భయాన్నీ పిరికితనాన్నీ ఒప్పుకున్నవాడికి మాత్రం, ఆరాధన అయ్యాక పెద్దలు వెళ్ళి చెయ్యి పట్టుకునేవారు. మాలో ఒక మనిషికి అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

కాలేజీలో చేరాక ఆ కుర్రవాడు ఒకసారి సెలవులకు వచ్చి, డ్రమ్స్ ముందు నుంచి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. పశ్చిమాన ఎక్కడో పెద్ద కాలేజీ, స్టేడియం నిండా జనం. మొదటి ఆటకు ముందు బట్టలు మార్చుకునే గదిలో తన చేతులు వణికాయనీ, ఆట వదిలేసి ఇంటికి వచ్చేస్తానని అమ్మకు ఫోన్ చేశాననీ చెప్పాడు. అమ్మ ఫోన్లోనే ప్రార్థించిందట. అతను లేచి వెళ్ళి ఆడాడు. "ఇప్పటికీ ప్రతి ఆటకు ముందు భయమే. చేతులు వణుకుతాయి. మోకరించి లేస్తే ఆగుతాయి. మైదానంలో కాలు పెట్టాక ఆ భయం నాది కాదు" అన్నాడు, చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోకుండానే. మా కుర్రాడొకడు పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెప్పాడు. బావగారు వెళ్ళి ఆ పొడుగాటి మనిషిని నడుం దాకా మాత్రమే అందినా కావలించుకున్నారు.

అతని కాలేజీ చివరి సంవత్సరానికి దేశంలో మంచి క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడని పేరొచ్చింది. మొదటి రోజునే ఎంచుకుంటారని టీవీలో అన్నారు. ఆ చలికాలం జట్లన్నీ కలిసి జరిపే పరీక్షకు వెళ్ళాడు. అక్కడ నిక్కర్లతో నిలబెట్టి తూచారు, చేతులు కొలిచారు, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. గదిలో కూర్చోబెట్టి, మీ నాన్న బతికుంటే నిన్ను చూసి ఏమనుకునేవాడని అడిగారట. ఒక జట్టు పరీక్షించే పద్ధతి అది! వాళ్ళమ్మ మా అక్కతో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. "సిస్టర్, వాడు పొరపాటున నవ్వి ఉంటే పళ్ళు కూడా లెక్కపెట్టేవాళ్ళు. ఈ దేశంలో మావాళ్ళను అలా చూడటం ఇది మొదలు కాదు" అంది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

మార్చిలో ఒక ఆదివారం మా మందిరానికి ఒక స్కౌట్ వచ్చాడు. జట్టు తరఫున ఆటగాళ్ళ వెనక తిరిగి వాళ్ళ నడవడి ఆరా తీసేవాళ్ళను అలా అంటారు. పెద్దమనిషే. చెప్పులు విప్పాలా అని అడిగాడు, పులావు రెండోసారి వడ్డించుకున్నాడు. మీ చర్చిలో ఈ కుర్రాడు ఎలాంటివాడని అడిగితే అందరం బావగారి వైపు చూశాం. ఒక కుర్రాడి గురించి మాట ఇవ్వగల పెద్ద ఆయనే. బావగారు గొంతు సవరించుకుని, తనకు తెలిసిన అతి గొప్ప మెప్పు ఇచ్చారు. అతను మా అందరి ముందు నిలబడి ఏడ్చాడని, ప్రతి ఆటకు ముందు చేతులు వణుకుతాయని దాచకుండా ఒప్పుకున్నాడని, ఒకసారి ఆట వదిలేద్దామనుకున్నాడని చెప్పారు. మోకరించడం, లేవడం కూడా చెప్పారు. "మా సంఘంలో నాకు భయం లేదనేవాణ్ణి మేం నమ్మం సార్. ఇతన్ని నమ్ముతాం" అని ముగించారు. స్కౌట్ శ్రద్ధగా విన్నాడు. థాంక్యూ చెప్పి, అక్క కట్టిచ్చిన పొట్లం తీసుకుని వెళ్ళాడు.

రెండు వారాలు తిరక్కుండా ఆ మాట టీవీకెక్కింది. ఒత్తిడిలో చేతులు వణుకుతాయట, ఆట వదిలేయాలనుకున్నాడట, సొంత చర్చివాళ్ళే చెప్పారట, కొన్ని జట్లకు అనుమానంగా ఉందట. మోకరించిన మాట లేదు, లేచిన మాట లేదు. సాక్ష్యంలో పడటాన్ని ఉంచుకుని లేవడాన్ని పారేశారు. దేవుడి ముందు చెప్పుకున్న కన్నీటి మాట తెర కింద అక్షరాలై పరుగెత్తుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. మూడేళ్ళు ఆ కుర్రవాడు ఆడిన ఆటలన్నీ వీళ్ళ దగ్గర వీడియోల్లో ఉన్నాయి. చేతులు వణికినవాడు అలా విసరగలడా అని ఒక్కడికీ తోచలేదా?

ఆ ఆదివారం మా సంఘం రెండుగా చీలింది. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ తమ్ముడొకతను, "అంకుల్, వీసా ఇంటర్వ్యూలో అడిగిన దానికే ఆన్సర్ చెయ్యండి, ఎక్స్‌ట్రా మాట్లాడొద్దని మాకు ట్రైనింగ్ ఇచ్చింది మీరే కదా! మరి మీరేం చేశారు?" అన్నాడు.

"అది కాన్సులేట్. ఇది మందిరం" అన్నారు బావగారు.

"స్కౌట్‌కి ఆ డిఫరెన్స్ తెలీదు కదా అంకుల్."

"ఆ నోట్లో పులావు ముద్ద కుక్కి ఉంటే పీడా పోయేది" అంది అక్క, భర్త వంక చూడకుండా. బావగారు ఆ రోజు భోజనం ముట్టలేదు. ఆ వారం పాస్టరు అయ్యగారు ప్రసంగానికి తీసుకున్నది, గొర్రెలు కాసుకునే ఆఖరి కొడుకును దేవుడు రాజుగా ఎంచుకున్న సంగతి. పైరూపం చూడవద్దని ప్రవక్తకు ఆజ్ఞ అయింది. అంతా, ఇంటికి వచ్చి ఉన్న ఆ కుర్రవాడి వంక చూసి ఆమెన్ అన్నారు. కానీ అదే చోట ఆ కాపరి పిల్లవాడి కళ్ళు చక్కనివని కూడా రాసి ఉంది. లేఖనం అబద్ధమాడదు, అందగాణ్ణి అందగాడనే రాసింది. అందుకని ఎంచుకున్నట్టు మాత్రం రాయలేదు. ఈ సూట్ల వాళ్ళకు తెలియనిది ఆ తేడాయే.

డ్రాఫ్ట్ మూడు రోజులు. గురువారం అతని పేరు పిలవలేదు, శుక్రవారమూ పిలవలేదు. శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చున్నాం, నేను, అక్క, బావగారు, ఇరుసంఘాల వాళ్ళు కొందరు. బల్ల నిండా వంటకాలు, తినేవాళ్ళు లేరు. అప్పుడు, జట్లతో అతని తరఫున మాట్లాడే ఏజెంటు ఫోన్ చేశాడు. కుర్రవాడు స్పీకర్ పెట్టాడు. ఒక జట్టు ఇంకా ఆలోచిస్తోందట, ఆ చర్చి మాట ఒక్కటే అడ్డం. "సింపుల్. ఆ ముసలాయన తప్పుగా అర్థం చేసుకున్నాడని చెప్పు. ఇండియావాళ్ళు, ఇంగ్లీషు అంతంత మాత్రం, ఎవరైనా నమ్ముతారు. నువ్వు ఊఁ అను చాలు, నేను వాళ్ళకు చెప్పేస్తాను" అన్నాడు. బావగారు అక్కడే కూర్చున్నారు, ఆ ముసలాయన. ఈ దేశంలో ముప్పై ఏళ్ళు వంతెనలకు లెక్కలు కట్టిన మనిషి. ఆయన తల వంచుకుని, "అనెయ్ నాన్నా. నాకేం పోయింది? అనెయ్" అన్నారు ఇంగ్లీషులోనే. వాళ్ళమ్మ కొడుకు వంకే చూస్తూ నిలబడింది.

ప్రభువును పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర నిలబడి, ఆయనెవరో నేనెరుగనని బొంకిన శిష్యుడు నా కళ్ళముందు మెదిలాడు. ఒక్క ఊఁ. ఎంతమందిమి ఎన్ని చోట్ల అనేసి బతకడం లేదు? ఆ ఒక్క మాటలో కుర్రవాడి జీవితం మొత్తం ఉంది.

"నో సర్" అన్నాడు అతను. "అంకుల్ ఇంగ్లీషు బాగానే ఉంది. నేను అన్నదే ఆయన చెప్పాడు. మిగతా సగం కూడా చెప్పాడు, మీరు అది కూడా వాళ్ళకి చెప్పండి."

ఏజెంటు "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు. కుర్రవాడు ఫోన్ బల్ల మీద పెట్టి, పళ్ళెం తీసుకుని, మా అక్క దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఆకలేస్తోంది" అన్నాడు. సాయంత్రానికి ఆఖరి పేరు కూడా పిలిచేశారు. అతనిది రాలేదు.

తరవాత ఒక జట్టు, ఏ హామీ లేకుండా, వచ్చి ప్రయత్నించుకోమంది. వెళ్ళాడు. మూడో క్వార్టర్‌బ్యాక్‌గా రెండేళ్ళు మైదానం గీత అవతల, హెల్మెట్ బదులు టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. ముందున్న ఇద్దరికీ దెబ్బలు తగిలిన ఒక్క వారం బరిలోకి దిగి, గెలిపించి వచ్చాడు. మరుసటి వారం మొదటివాడు కోలుకుంటే మళ్ళీ టోపీ. ఇప్పుడు ఈ కౌంటీలోనే హైస్కూల్లో లెక్కలు చెబుతూ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఏనాడూ ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. మా బావగారు మాత్రం ఆ ఏడాది నుంచి ఆటలు చూస్తారు గానీ డ్రాఫ్ట్ చూడరు. ఆ సంవత్సరం ఈ కుర్రవాడికన్నా ఎంతో ముందుగా, గుండె ధైర్యంలో సాటిలేనివాడని ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ నాలుగో సంవత్సరానికి ఆటలోనే లేడు. అతని తప్పూ కాదు, పాపం. అతణ్ణి మెచ్చుకున్నవాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకోలేదు, మావాడిని తోసేసినవాళ్ళూ తీసుకోలేదు. మొన్న టీవీలో చూసిన ముగ్గురిలో ఒకాయన అప్పటివాడే. జుట్టు నెరిసింది, నమ్మకం నెరవలేదు. పదేళ్ళకు ఒక మనిషి ఏమవుతాడో మూడు నెలల్లో తేల్చి చెప్పేవాళ్ళకు, ఆ పదేళ్ళు గడిచాక వచ్చి ఒక్కసారి చూసిపోయే తీరిక మాత్రం ఎప్పటికీ దొరకదు.