కట్నీ గూడ్సుకు రాసిన పేరు

విజయనగరం దగ్గరి పల్లె నుంచి బిలాస్‌పూర్ వచ్చిన మొదటి ఏడాది, డ్యూటీ దిగాక సాయంత్రాలు ఏం చేసుకోవాలో తోచేది కాదు. భాష రాదు. దొరల టెన్నిస్‌ని కంచె ఇవతల నిలబడి చూడాల్సిందే. మన తెలుగువాళ్ళు పేకాటకు కూర్చునేవారు, నాకది పడదు. నేను లోకో షెడ్డులో గుమాస్తాని. రైలింజన్లో బొగ్గు వేయడానికి ఏ బండికి ఏ ఫైర్‌మన్ వెళ్ళాలో కాల్ పుస్తకంలో రాయడం నా పని. ఆ పుస్తకం పట్టుకుని ప్యూను క్వార్టర్‌కు వెళ్ళాడంటే ఆ మనిషి సంతకం పెట్టి బయల్దేరాల్సిందే.

క్వార్టర్ల వెనక మనవాళ్ళు, ఐదుగురు ఫైర్‌మెన్లు, ఉన్ని బంతితో బాడ్మింటన్ ఆడతారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. బళ్ళో చదివే రోజుల్లో ఆడిన ఆట. పెట్టె అడుగున ఉన్న బ్యాటు తీసుకుని ఆ సాయంత్రమే వెళ్ళాను.

ఆ ఐదుగురిలో పెద్ద ఒకడున్నాడు. బొగ్గు ఎత్తి ఎత్తి చేతులు రాటుదేలిన మనిషి. నన్ను పరీక్షించడానికి వరసగా మూడు బంతులు కొట్టాడు. మూడూ నా పక్కనుంచే పోయాయి. అందరూ వినేలా అన్నాడు:

“ఏటి బావూ, కలం పట్టుకున్నట్టు పట్టుకున్నావు బ్యాటు? అచ్ఛా, నువ్వు బంతులేరు. అదైనా సరిగ్గా సెయ్యి.”

మిగతా నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఎనిమిది నెలలు మురుగుకాలవలోంచి తడిసిన బంతులు ఏరాను. మానేయవచ్చు కదా అంటారు. మానేస్తే ఆ ఊళ్ళో నాకు సాయంత్రమన్నదే లేదు. నేను కోర్టు గీత లోపల నిలబడాలి, వాడు గీత బయట ఉండాలి. అన్నం ముందు కూర్చున్నా ఇదే ఆలోచన.

రాయపూర్ జట్టు ఆదివారం సాయంత్రం పోటీకి వస్తోందని తెలిసిన రోజున నాకు దారి దొరికింది. ఆ ఆదివారం మధ్యాహ్నం కట్నీ వెళ్ళే గూడ్సు ఒకటుంది. వాడికీ, ఆటతో సంబంధం లేని ఇంకో ఫైర్‌మన్‌కీ డ్యూటీల మధ్య విశ్రాంతి సరిగ్గా ఒకే వేళకు పూర్తవుతోంది. ఇద్దరిలో ఎవరిని పంపాలన్నది నా ఇష్టం. తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో వాడి పేరు రాశాను. ప్యూను వెళ్ళేసరికి కాన్వాసు జోళ్ళు వేసుకుంటున్నాడట. అవి విప్పేసి సంతకం పెట్టాడట. అది విని నా కడుపు చల్లబడింది.

గంట తిరక్కుండా మిగిలిన నలుగురూ నా గుమ్మంలోకి వచ్చారు. ఐదో మనిషి లేడు, రమ్మని బతిమాలారు. కావాలనే కాసేపు బెట్టుచేసి, అప్పుడు వెళ్ళాను. రాయపూర్ వాళ్ళు నా సంగతి తొందరగానే పసిగట్టి బంతులన్నీ నా వైపే కొట్టారు. చిత్తుగా ఓడిపోయాం. నాకేం బాధ లేదు. గీత లోపల నిలబడ్డాను, వాడు లేడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు బండి దిగి, ఒళ్ళంతా బొగ్గుతో నా కిటికీ దగ్గరికొచ్చాడు.

“గెలిసినారేటి?”

లేదన్నాను.

“ఐదో వోడెవుడు?”

“నేనే.”

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే ఉన్నాను. నా చేతుల వైపు ఒకసారి చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. మరుసటి ఆదివారం కట్నీ గూడ్సుకు కూడా వాడి పేరే రాశాను. నిజానికి అది ఆ రెండో ఫైర్‌మన్ వంతు. అయినా రాశాను. సాయంత్రం బ్యాటు పట్టుకుని వెళ్తే కోర్టులో వల కట్టి లేదు. గూడ్సు ఆలస్యమైందని, నలుగురూ షెడ్డు గేటు దగ్గరే ఉన్నారని, వాడి బండి కదిలేదాకా వాడికి తోడుగా నిలబడ్డారని ప్యూను చెప్పాడు.

సోమవారం పొద్దున్నే పుస్తకం తెరిచాను. ఇక ఏ ఆదివారమూ ఆ ఐదుగురూ ఒకేసారి ఊళ్ళో ఉండకుండా రాశాను.